లండన్ సిస్టమ్‌కు ఎదురు నిలిచే ముందు: నల్ల పావులతో ఆడేవారికి జాగ్రత్తలు

చదరంగం టోర్నమెంటులో మీకు నల్ల పావులు వచ్చి, ఎదుటివారు డి4 బంటు తరువాత శకటును ఎఫ్4 గడికి తెచ్చారంటే (గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డ వరుసను చెబుతాయి), లండన్ సిస్టమ్ అనే ఆరంభ ఎత్తుల పద్ధతికి సిద్ధపడాలి. 1922 నాటి లండన్ టోర్నమెంటు వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. డి4, ఈ3, సి3 గళ్ళలో త్రికోణంగా కుదురుకునే బంట్లే దీని బలం. నలుపు ఏ ఎత్తు వేసినా తమ ఎత్తులు మారవలసిన పని లేదన్న ధీమాతోనే చాలామంది దీనిని ఎంచుకుంటారు. కాబట్టి ఆ ధీమాను ఎంత త్వరగా చెదరగొడితే అంత మంచిది. విసుగుతో ఏదో ఒక ఎత్తు వేసి ఊరుకుంటే తెలుపు తాను కోరుకున్న ఆటే ఆడుతుంది.

శకటు ముందుగానే బయటికి వెళ్ళడంతో బి2 బంటుకు కాపలా ఉండదు. అందువల్ల డి5, గుర్రం ఎఫ్6, సి5, గుర్రం సి6 అయ్యాక మంత్రిని బి6కు తేవడం మంచి పద్ధతి. తెలుపు మంత్రి బి3కి వచ్చి అడ్డుకుంటే సి4 బంటుతో దానిని సి2కు తరిమి, వెంటనే శకటును ఎఫ్5లో పెట్టవచ్చు. ఆ శకటును ఆశపడి కొడితే మన మంత్రి బి2 బంటును కొట్టి, మూలనున్న ఏనుగును పట్టుకుంటుంది. అయితే ఈ ఉపాయం తెలుపు సి3 బంటును కదిపినప్పుడే పనిచేస్తుంది. సి3 గడిలో బంటుకు బదులు గుర్రం ఉంటే, బి2ను కొట్టే ముందు బి5 గడిని తప్పక చూసుకోవాలి. ఆ గుర్రం బి5కు దూకితే సి7లో చెక్, దానితోపాటే ఏ8 ఏనుగుకు ముప్పు ఎదురవుతాయి.

సి5 బంటుతో డి4ను కొట్టడానికి తొందరపడకూడదు. 2023లో అస్తానాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేములో నెపోమ్నియాషి నల్ల పావులతో మొదట్లోనే అలా కొట్టాడు, డింగ్ లిరెన్ గెలిచాడు. ఓటమికి ఆ ఒక్క ఎత్తే కారణమనడం అన్యాయమే గానీ, ‘ఈ’ అక్షరపు నిలువు వరుస తెరుచుకోవడమూ ఈ5 గడి మీద తెలుపు పట్టు బిగియడమూ మాత్రం నిజం.

అసలు ప్రమాదమంతా రాజు పక్కన ఉంటుంది. శకటును డి6కు తెచ్చి మార్పిడికి పిలవడం సరైనదే. తెలుపు కొడితే మంత్రితో తిరిగి కొట్టి ఈ5 బంటుకు దారి చూసుకోవచ్చు. కానీ తెలుపు శకటు జీ3కి వెనుదిరిగితే, ముఖ్యంగా మనం అప్పటికే క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదిపి రాజును పక్కకు చేర్చడం) చేసి ఉంటే, దానిని మనంతట మనం కొట్టడం చేజేతులా గొయ్యి తవ్వుకోవడమే. హెచ్ బంటు జీ3కి రాగానే హెచ్1 ఏనుగుకు వరుస తెరుచుకుంటుంది, డి3లోని శకటు ఎలాగూ హెచ్7నే చూస్తూ ఉంటుంది. ఈ5లో తెల్ల గుర్రం పాతుకున్నప్పుడు కూడా ఇదే మెలకువ కావాలి. దానిని వెంటనే కొడితే డి4 బంటు ఈ5కు వచ్చి మన ఎఫ్6 గుర్రాన్ని తరుముతుంది. హెచ్7ను కాపాడేది ఆ గుర్రమే. హెచ్7లో శకటు బలి, హెచ్5లో మంత్రి, జీ5లో గుర్రం అన్న వరుస తమ మీద రాదని తేల్చుకున్నాకే ఆ మార్పిడికి దిగాలి.

జీ6, శకటు జీ7, డి6 అమరికను ఇష్టపడేవారు ఈ5 బంటు ఎత్తును లక్ష్యంగా పెట్టుకోవాలి, ఎందుకంటే అది ఎఫ్4 శకటును తరుముతూ పైకి వస్తుంది. ముందుగా ఈ5 గడిలో ఎవరు ఎన్నిసార్లు కొట్టగలరో లెక్కపెట్టుకోవాలి. మంత్రులు మారిపోయాక ఒక బంటు తక్కువైందని తెలుసుకున్నవారు ఎందరో. తెలుపు హెచ్3 వేయకపోతే గుర్రాన్ని హెచ్5కు పంపి ఆ శకటును వేటాడవచ్చు. వేసి ఉంటే అది హెచ్2లో దాక్కుంటుంది కనుక ఆ ప్రయాణం వృథా.

తెలుపు రెండో ఎత్తులోనే గుర్రాన్ని సి3కి తెస్తే ఇది వేరే ఆట అని గుర్తించాలి. అప్పుడు డి5తో ఈ4ను ఆపాలి, శకటు ఎఫ్4కు రాగానే ఏ6 వేసి బి5 గడిని మూసేయాలి. ఈ చిన్న బంటు ఎత్తుకు ఒక వంతు ఖర్చయినా, ఆ తరువాత సి5ను నిశ్చింతగా వేసుకోవచ్చు.