కొత్త ఇంటికి అమ్మానాన్నలు దేవుడి పటం తెస్తే

కోనసీమలో అన్న అంతర్వేది తీర్థానికీ, తమ్ముడు ఆదివారం ప్రార్థనకీ వెళ్లే ఇళ్లున్నాయి. చర్చికెళ్లే ఆ తమ్ముడి కొత్త ఇంటికి నాన్నగారు సత్యనారాయణస్వామి వెండి పటం పట్టుకొచ్చిన రోజే చిక్కంతా.

సగం పని ముందే అయిపోవాలి. ఇంట్లో దిగడానికి నెల ముందే ఏం కావాలో మీరే చెప్పండి. "ఏమీ వద్దు నాన్నా" అంటే పటమే వస్తుంది. పేరు పెట్టి అడగండి: ఇత్తడి బిందె, పెరట్లోకి రెండు కొబ్బరి మొక్కలు, నరసాపురం లేసు తెరలు.

అయినా పటం వచ్చేసిందా, గుమ్మంలో ఏమీ అనొద్దు. రెండు చేతులా అందుకుని శుభ్రమైన బల్ల మీద పెట్టండి. హాల్లో తగిలిస్తామని మాట మాత్రం ఇవ్వొద్దు. అన్నిటికన్నా చేటు అటక. పండక్కొచ్చిన అమ్మ కళ్లు ముందు గోడలే వెతుకుతాయి. పాత సామాన్ల మధ్య బూజు పట్టి ఆ పటం కనబడితే, కాదన్నందుకన్నా దాచినందుకే ఎక్కువ ఏడుస్తుంది.

నాలుగు రోజులాగి, చుట్టాలు వెళ్లాక, ఎవరి కన్నవాళ్లతో వాళ్లే మాట్లాడాలి. కోడలి చేత చెప్పిస్తే నింద ఆమె మీద పడుతుంది. ఫోన్లో వద్దు. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు చెప్పండి: "నాన్నా, మీరెంత ప్రేమగా తెచ్చారో తెలుసు. మా ఇంట్లో రోజూ దీపం పెట్టేవాళ్లు లేరు. స్వామి మీ పూజగదిలో ఉంటే నిత్యం పూజ జరుగుతుంది." దీపం లేకుండా దేవుణ్ణి ఉంచకూడదన్నది వాళ్ల పట్టింపే కాబట్టి ఈ మాట వాళ్లకి ఎక్కుతుంది. "మా విశ్వాసం ఒప్పుకోదు" అని మొదలెడితే వాదన పెరుగుతుంది. వాళ్లే సూటిగా అడిగితే మాత్రం దాచకండి.

పటాన్ని కొత్త తువ్వాల్లో చుట్టి మీరే తీసుకెళ్లి ఇవ్వండి. వద్దంటే, పూజ చేసుకునే అక్కకో పిన్నికో వాళ్ల చేతే ఇప్పించండి. తీసి పారేయమని చర్చి సంఘంలో ఎవరు తొందరపెట్టినా ఈ మాటలయ్యేదాకా ఆగండి. కాలువలో అసలు వేయొద్దు. ఊరి మంచినీళ్ల చెరువు నిండేది ఆ నీళ్లతోనే. పైగా వేసవిలో కాలువ కట్టేశాక పటం బురదలో తేలుతుంది, ఎవరింటిదో ఊరంతా పోల్చుకుంటుంది.

లక్ష్మీదేవి బొమ్మలున్న కాసులపేరు ఇస్తే చెప్పకుండా కరిగించకండి. తరుగూ మజూరీ పోతాయి, రేపు ఏ పెళ్లిలోనో "కాసులపేరు వేసుకోలేదేమే?" అని అమ్మ అడుగుతుంది. బిల్లుతో సహా లాకర్లో పెట్టి, మార్పించుకుంటామని ముందు అడగండి. అన్నవరం ప్రసాదం తినకపోతే ఆ ఆకు పొట్లం విప్పకుండా ఆ పూటే పక్కింటివాళ్లకి ఇవ్వండి, నిలవుంచితే పాడవుతుంది.

ఇలాంటి కానుకలు అటునుంచీ వస్తాయి. కూతురు హిందువుల ఇంటి కోడలైతే, క్రైస్తవులైన అమ్మానాన్నలు వాక్యం రాసిన గడియారమో బైబిలో ఇస్తారు. గడియారాన్ని వాళ్లొస్తే పడుకునే గదిలో తగిలించండి. బైబిలు మొదటి పేజీలో వాళ్ల చేతిరాత ఉంటుంది, చెమ్మ తగలకుండా బీరువాలో పెట్టండి.