పలకరాయి వెంట కొండ నుంచి రేవు దాకా: వేల్స్ గనిని, దాని చిన్న రైలును ఎలా చూడాలి?

వాయవ్య వేల్స్‌లోని బ్లైనై ఫెస్టీనియోగ్‌కు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది కింద సముద్రం ఒడ్డున పోర్త్‌మాడోగ్‌లో చిన్న రైలెక్కి, కొండ మీదికి పోయి, టీ తాగి దిగొస్తారు. మొదటిసారి నేనూ అదే చేశాను. పొద్దున ఆలస్యంగా బయల్దేరి, రైల్లో పులిహోర తిని, కాస్త కునుకు తీసి, తాపీగా గని దగ్గరికి నడిచేసరికి ఆ రోజు ఆఖరి టూరు లోపలికి వెళ్లిపోయింది. తప్పు నాదే. ఇంటికొచ్చాక అర్థమైంది, నేను కథను చివరి నుంచి చదివానని. రాయి పుట్టింది పైన, ఓడెక్కింది కింద. ఆ రాయి వెళ్లిన దారినే మనమూ వెళ్తే ప్రతిదీ ఎందుకు అక్కడుందో దానంతటదే తెలుస్తుంది. రెండోసారి అలాగే వెళ్లాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా రాయి సంగతి

మనకు పలక అంటే మార్కాపురం. చెక్క చట్రంలో బిగించిన నల్లటి రాయి, పక్కన బలపం. వేల్స్ కొండల్లో దొరికేదీ పలకరాయే. తాండూరు బండతో, నాపరాయితో పోల్చుకోకండి, అవి సున్నపురాయి జాతి. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద, కొండలు పైకి లేచేటప్పుడు నలిగి పలకరాయి అయింది. ఆ ఒత్తిడి వల్లే దానికి ఒక దిశలో పొరలు పొరలుగా విడిపోయే గుణం వచ్చింది. పారిశ్రామిక విప్లవం రోజుల్లో ఊళ్లు పెరిగి, మిల్లులు లేచి, అన్నిటికీ పైకప్పు కావాల్సి వచ్చినప్పుడు ఈ గుణమే బంగారమైంది. 2021 జులైలో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఊరి పేర్లు పలకడం కొంచెం తిప్పలే. రెండు ఎల్‌లు పక్కపక్కన కనిపిస్తే నాలుకను ‘ల’ అనే చోట పెట్టి, గొంతు కలపకుండా గాలి మాత్రం వదలండి. మన అక్షరాల్లో దానికి చోటు లేదు. మనం చూడబోయే గని పేరును లెఖ్వెద్ అని రాస్తున్నది మన సౌకర్యం కోసమే. రోడ్డు మీద ‘అరావ్’ అని తెల్లగా రాసి ఉంటే ‘నెమ్మదిగా’ అని అర్థం. థాంక్స్ చెప్పడానికి ‘డియోల్ఖ్’ ఒక్కటి నేర్చుకుంటే చాలు, టీకొట్టు పెద్దావిడ ముఖం విచ్చుకుంటుంది.

1. తేదీ కుదుర్చుకోండి, టికెట్లు ముందే కొనండి

చిన్న రైళ్లు ప్రధానంగా వసంతం నుంచి అక్టోబరు దాకా నడుస్తాయి. చలికాలంలో చాలా తక్కువ. గని టూరుకు, రైలుకు రెండింటికీ ఆన్‌లైన్‌లో ముందే టికెట్ తీసుకోండి. ముందు గని టూరు సమయం ఖాయం చేసుకుని, దానికి తగ్గట్టు రైలు చూసుకోవాలి. నేను తలకిందులుగా చేసింది ఇదే.

ఒక చిక్కుంది. రైలు టికెట్లు చాలావరకు రానూపోనూ ప్రయాణాలుగా అమ్ముతారు. బ్లైనైలో ఎక్కి కిందికి మాత్రమే దిగే టికెట్ మీరు వెళ్లే రోజుకు ఉందేమో అడిగి తెలుసుకోండి. లేకపోతే పోర్త్‌మాడోగ్‌లోనే మొదలుపెట్టండి. అయితే పైకి వెళ్లేటప్పుడు కెమెరా సంచిలోనే ఉంచి, దిగేటప్పుడు బయటికి తీయండి. పైన గని చూసేంత వ్యవధి ఉందో లేదో మాత్రం తప్పకుండా లెక్కేసుకోండి.

2. బ్లైనైకి ఉత్తరం వైపు నుంచి రండి

లండన్ యూస్టన్ నుంచైనా, మాంచెస్టర్ నుంచైనా లాండడ్నో జంక్షన్ చేరి, అక్కడ కాన్వీ లోయ రైలెక్కాలి. ఒంటి లైను. గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. నది, పచ్చిక, గొర్రెలు, బెటుస్-అ-కోయిడ్ అడవి చూస్తూ చూస్తూ ఉండగానే రైలు కొండలోకి దూరుతుంది. రెండు మైళ్లకు పైగా సొరంగం. ఏదో మాట్లాడుతూనే ఉంటారు, చీకటి తొలగుతుంది, కిటికీ బయట పచ్చదనం పోయి మొత్తం బూడిదరంగు. గుట్టలు గుట్టలుగా రాతిముక్కలు. అవి కొండలు కావు, గనుల చెత్త. ఒక టన్ను కప్పురాయి తీయడానికి పది టన్నుల దాకా పారబోయాల్సి వచ్చేదని చెబుతారు.

1951లో స్నోడోనియా జాతీయ ఉద్యానం హద్దులు గీసినప్పుడు ఈ ఊరిని దాని గుట్టలతో సహా బయట ఉంచేశారు. మ్యాపు చూస్తే ఉద్యానం మధ్యలో చిల్లు పడ్డట్టుంటుంది. ఇప్పుడు అవే గుట్టలు వారసత్వ సంపద! వాన పడితే బాధపడకండి. తడిసినప్పుడే ఈ రాయి రంగు తేలుతుంది, నీలం కలిసిన బూడిద.

3. గనిలోకి దిగండి

స్టేషన్ నుంచి లెఖ్వెద్ గని సుమారు మైలు దూరం, ఎత్తుకు నడవాలి. జాన్ గ్రీవ్స్ అనే ఆయన 1846లో ఇక్కడ తవ్వకం మొదలుపెట్టాడు. ఈ ఊళ్లో రాతిపొర ఏటవాలుగా కొండ లోపలికి దిగిపోతుంది కాబట్టి, పైనుంచి తవ్వే క్వారీ కన్నా భూగర్భ గనులే ఎక్కువ. లోతు గని టూరుకు కేబుల్‌తో దిగే చిన్న బండి ఎక్కిస్తారు. దాదాపు 30 డిగ్రీల వాలు. బ్రిటన్‌లో ఇంత నిటారు రైలు ఇదొక్కటేనని వాళ్ల గొప్ప. హెల్మెట్ వాళ్లే ఇస్తారు. లోపల వేసవిలోనూ చల్లగానే ఉంటుంది, స్వెటర్ మర్చిపోవద్దు. మెట్లుంటాయి, నేల తడిగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే ముందే వివరం కనుక్కోండి. చెప్పులు పనికిరావు.

లోపల మిమ్మల్ని నిలబెట్టేది గుహల పరిమాణం. కల్యాణమండపమంత ఖాళీ, దాని పక్కన ఒక గోడంత రాయి వదిలేసి మళ్లీ అంత ఖాళీ. ఈ ఖాళీలను కొవ్వొత్తి వెలుగులో తవ్వారు. గనివాడు ఒక గొలుసును తొడకు చుట్టుకుని, దాని ఆధారంతో గోడకు వేలాడుతూ, మందుగుండు పెట్టడానికి రంధ్రం పొడిచేవాడు. కొవ్వొత్తుల ఖర్చు, మందుగుండు ఖర్చు అతని కూలీ లోంచే. ఆ కూలీ కూడా రోజుకింత అని కాదు. నెలనెలా మేస్త్రీ వచ్చి, నలుగురైదుగురి జట్టుకు రాయిలో ఒక ముక్క కేటాయించి ధర తేల్చేవాడు. దాన్ని ‘బర్గెన్’ అనేవారు. మంచి రాయి పడితే సరే, చెడ్డది పడితే నెలంతా తవ్వినా అప్పే. గైడ్లు దీపాలన్నీ ఆర్పి ఒకే వెలుగు ఉంచితే, అప్పుడు తల పైకెత్తి చూడండి. పైకప్పు కనిపించదు.

మీ గైడు చెప్పకపోతే ‘కాబన్’ గురించి అడగండి. మధ్యాహ్నం అన్నాలు తినే రాతిగది అది. టీ కాచుకుంటూ పాటలు, పద్యాలు, బైబిల్ చర్చ, రాజకీయాలు, అన్నీ వెల్ష్‌లోనే. రచ్చబండను భూమి లోపల పెట్టారనుకోండి. ఆ టీకి ఇంకో చేదు సంగతి కూడా ఉంది. రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరి మనుషులు దగ్గి దగ్గి పోతుంటే, యాజమాన్యం తరఫు డాక్టర్లు కొందరు ధూళిది తప్పేం లేదు, రోజంతా మరిగించిన టీ తాగడం వల్లే అన్నారు. ఆ ధూళి రోగానికి పరిహారం ఇచ్చే చట్టం 1979లో గానీ రాలేదు.

4. రాయి చీల్చడం ఒక్కసారైనా చూడండి

దీన్ని వదిలేసి వస్తే సగం చూసినట్టే. పనివాడు కూర్చుని దిమ్మను కాలికి ఆనించుకుంటాడు. వెడల్పాటి పల్చని ఉలిని అంచు మీద పెట్టి సుత్తితో రెండు మెత్తటి దెబ్బలు వేస్తాడు. బలం వాడడు. చెవికి దగ్గరగా వింటే ముందు ‘టిక్’మని, తర్వాత కాగితం చినిగినట్టు సన్నటి శబ్దం. ఉలిని అటూ ఇటూ కదిపితే రాయి పుస్తకంలా తెరుచుకుంటుంది. ఎప్పుడూ సరిగ్గా మధ్యకే చీలుస్తాడు. సగాన్ని మళ్లీ సగం, దాన్ని మళ్లీ సగం. పక్కనుంచి ఒక్కో పొర ఊడదీయబోతే విరుగుతుంది. దిమ్మ ఎండిపోయినా సరిగా చీలదు, అందుకే తడిగా ఉంచుతారు.

తయారైన రాళ్లకు సైజును బట్టి దొరసానుల బిరుదులే పేర్లు. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు ఉంటే డచెస్. 20కి 10 అయితే కౌంటెస్. 16కి 8 అయితే లేడీ. కూలివాడి చేతిలో దొరసానులు వరసగా చీలి పడుతుంటే కాబన్‌లో ఎన్ని జోకులు పేలి ఉంటాయో ఊహించుకోవచ్చు.

చీల్చే ప్రదర్శనకు పేరున్న చోటు లాన్‌బెరిస్‌లోని జాతీయ పలకరాతి మ్యూజియం. 1969లో మూతపడ్డ డినోర్విక్ క్వారీ వర్క్‌షాపుల్లో ఉంది. 15 మీటర్లకు పైగా వ్యాసమున్న నీటిచక్రం, గనివాళ్ల ఇళ్లు వరసగా మూడు కాలాల సామాన్లతో, అన్నీ అక్కడే. 2024 నవంబరులో పునర్నిర్మాణం కోసం మూసేశారు కాబట్టి తెరిచి ఉందో లేదో చూసుకుని వెళ్లండి. అది వేరే లోయ, ఇంకో రోజు కావాలి. ఒకే రోజులో రెండూ కుక్కొద్దు.

5. రాయిలాగే కిందికి జారండి

ఇక రైలు. బ్లైనైలో పెద్ద రైలు, చిన్న రైలు ఒకే స్టేషన్లో పక్కపక్కన ఆగుతాయి. చిన్న రైలు పట్టాల మధ్య ఒక్కసారి చూడండి. 597 మిల్లీమీటర్లు, రెండడుగులకు కాస్త తక్కువ. మన బ్రాడ్‌గేజ్ 1676.

1836లో ఈ ఫెస్టీనియోగ్ లైను తెరిచినప్పుడు ఇంజనే లేదు. 13.5 మైళ్ల దారిని, రాయి నిండిన బళ్లు వాటి బరువుతో అవే దొర్లి సముద్రం దాకా పోయేలా వాలుగా వేశారు. బ్రేకులు పట్టుకోవడానికి మనుషులు ఉంటే చాలు. ఖాళీ బళ్లను మళ్లీ పైకి లాగడానికి గుర్రాలు. మరి గుర్రం కిందికెలా వచ్చేది? రైలు చివర దాని కోసం ఒక బండి. అందులో గడ్డి మేస్తూ దర్జాగా దిగేది. నాకీ మొత్తం చరిత్రలో సుఖపడ్డది ఆ గుర్రమొక్కటే అనిపిస్తుంది, అదీ సగం దారే.

1863లో ఆవిరి ఇంజన్లు వచ్చాయి. సరుకు ఇంకా పెరిగాక 1869లో రెండు ముఖాల ఫెయిర్లీ ఇంజను దిగింది. వీపులు ఆనించి నిలబడ్డ రెండు బాయిలర్లు, మధ్యలో పొయ్యి. డ్రైవరు పొయ్యికి ఒక పక్క, బొగ్గువేసే ఆయన ఇంకో పక్క. ఇంత సన్నని పట్టాల మీద అంత బరువు లాగొచ్చా అని 1870లో రష్యాతో సహా పలు దేశాల వాళ్లు చూసి వెళ్లారు. తర్వాత 1881లో పూర్తయిన మన డార్జిలింగ్ రైలుదీ రెండడుగుల గేజే. 1879 నాటి మెర్దిన్ ఎమ్రిస్ అనే ఫెయిర్లీ ఇప్పటికీ ఈ లైను మీదే ఉంది. మీ బండికి రెండు పొగగొట్టాలుంటే ఎక్కేముందు ఇంజను దాకా నడిచి చూడండి.

సీటు దిగేదిశలో ఎడమ కిటికీ పక్కన తీసుకోండి, లోయంతా అటే. ఊరు దాటగానే ఒక జలాశయం వస్తుంది. పాత లైను దాని నీళ్లలో మునిగిపోయింది. 1946లో మూతపడి, 1955 నుంచి ఔత్సాహికులు ముక్కముక్కగా తెరుచుకుంటూ వస్తున్న రైలుకు ఇది చావుదెబ్బ కావాల్సింది. వాళ్లు మాత్రం 1965 నుంచి 1978 దాకా, సెలవుల్లో పారలు పట్టుకుని వచ్చి, కొండ చుట్టూ కొత్త దారి తవ్వారు. 1982లో రైలు మళ్లీ బ్లైనై చేరింది. ఆ కొత్త దారిలోనే దీఆల్ట్ దగ్గర లైను గుండ్రంగా తిరిగి తన కిందనుంచే తాను దూరుతుంది. ఇప్పుడే దాటిన వంతెన తల మీద కనిపిస్తే కంగారు పడొద్దు. తర్వాతంతా ఓక్ అడవి, టానబుల్ఖ్‌లో ఆగితే టీ, ఎండుద్రాక్షలు వేసిన ‘బారా బ్రిత్’ రొట్టె. చెట్ల కొమ్మలు కిటికీలకు అంత దగ్గరగా ఉంటాయి, పిల్లల చేతులు లోపలే ఉంచండి.

6. ఆఖరి మైలు కుడివైపుకి మారండి

బోస్టన్ లాడ్జ్ వర్క్‌షాపులు దాటాక రైలు ‘కాబ్’ మీదికి వస్తుంది. సముద్రాన్ని అడ్డగిస్తూ విలియం మాడక్స్ 1811లో కట్టించిన గట్టు అది. పోర్త్‌మాడోగ్ పేరులో ఉన్నది అతనే. ఇక్కడ కుడివైపు చూస్తే, మబ్బు లేకుంటే, స్నోడన్ శిఖరాలన్నీ వరసగా.

దిగిన చోటే రేవు. ఒకప్పుడు ఇక్కడినుంచి ఓడలు పలకరాళ్లతో జర్మనీ దాకా వెళ్లేవి. 1842లో హాంబర్గ్ నగరం కాలిపోయాక అక్కడి కొత్త పైకప్పులకు ఫెస్టీనియోగ్ రాయి చేరింది. ఇప్పుడు అన్నీ సరదా పడవలే. నీళ్ల మధ్య ఒక చిన్న దిబ్బ కనిపిస్తుంది, పేరు కై బాలస్ట్. సరుకు దింపి ఖాళీగా తిరిగొచ్చే ఓడలు తూలకుండా ఎక్కడెక్కడి రాళ్లో మట్టో నింపుకుని వచ్చి, రేవు బయట పారబోసేవి. అలా పోగైన దిబ్బ అది. పైన కొండల్లో వాళ్ల రాతిచెత్త, ఇక్కడ పరదేశాల రాతిచెత్త. కాసేపు అక్కడి బెంచీ మీద కూర్చోండి. పెద్ద రైలు స్టేషన్ ఊరికి ఆ చివర, మెయిన్ రోడ్డు వెంట పావుగంట నడక. బర్మింగ్‌హామ్ వైపు వెళ్లే తీరపు రైళ్లు తక్కువ కాబట్టి సమయం చూసుకుని లేవండి.