ఎయిర్‌ఫ్లోలో విఫలమైన టాస్కులను మళ్లీ నడిపించే పద్ధతి

వేర్వేరు చోట్ల నుంచి డేటాను తెచ్చి రోజూ వేర్‌హౌస్‌లో (విశ్లేషణ కోసం డేటానంతా ఒకచోట ఉంచే డేటాబేస్‌లో) చేర్చే పైప్‌లైన్లలో ఏదో ఒక టాస్కు, అంటే ఒక దశ, ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోక తప్పదు. అవతలి సర్వర్ కొద్దిసేపు పలకకపోవచ్చు, పాస్‌వర్డ్ గడువు తీరిపోవచ్చు, నిన్నటిదాకా ఉన్న కాలమ్ ఇవాళ్టి ఫైల్లో లేకపోవచ్చు. 2014లో ఎయిర్‌బీఎన్‌బీలో మొదలై, ఇప్పుడు అపాచీ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఉన్న, ఇలాంటి పైప్‌లైన్లను నడిపే ఎయిర్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్‌లో ఇందుకోసం రిట్రై (విఫలమైన టాస్కును తనంతట తానే మళ్లీ నడిపే) సదుపాయం ఉంది. అయితే దాన్ని పెట్టేముందు ఒక విషయం తేల్చుకోవాలి: ఆ టాస్కును రెండుసార్లు నడిపినా టేబుల్లో డేటా ఒక్కసారి నడిపినట్లే ఉంటుందా? ఉండకపోతే రిట్రై పెట్టకపోవడమే మేలు. ఆగిపోయిన టాస్కు తెరమీద ఎర్రగా కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు సరిచేస్తారు. రెండింతలైన అమ్మకాల మొత్తం మాత్రం చాలాకాలం ఎవరి కంటా పడదు.

ఉదాహరణకు, ఒక ఏపీఐ (మరో సాఫ్ట్‌వేర్‌ను అడిగి డేటా తీసుకునే మార్గం) నుంచి రోజువారీ అమ్మకాలను తెచ్చి, ప్రతి వెయ్యి వరుసలకు ఒకసారి కమిట్ చేస్తూ (శాశ్వతంగా భద్రపరుస్తూ) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో చేర్చే టాస్కును తీసుకుందాం. మూడు వేల వరుసలు చేరాక కనెక్షన్ తెగితే, రిట్రై మళ్లీ మొదటి వరుస నుంచే మొదలుపెడుతుంది. ఆ మూడు వేల వరుసలూ రెండోసారి చేరతాయి. దీనికి విరుగుడు ఏమిటంటే, ఆ తేదీకి చెందిన వరుసలన్నిటినీ తొలగించడం, కొత్తవి చేర్చడం అనే రెండు పనులనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ, లేదంటే ఏదీ జరగని పనుల కట్టలో) పెట్టి చివర ఒక్కసారే కమిట్ చేయడం. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉన్న ‘ఇన్సర్ట్ ఆన్ కాన్‌ఫ్లిక్ట్’ ఆదేశం కూడా డూప్లికేట్లను ఆపుతుంది గానీ, మూలంలో రద్దయిన ఆర్డర్‌ను మన టేబుల్లోంచి తీసేయదు. అందువల్ల తేదీలవారీగా వచ్చే డేటాకు మొదటి పద్ధతే మంచిదని నా అభిప్రాయం.

తేదీ విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కోడ్‌లో ‘ఇవాళ’ అని గడియారాన్ని అడిగి తేదీ తీసుకుంటే, అర్ధరాత్రి దాటాక జరిగిన రిట్రై మరో రోజు డేటాను తెస్తుంది. షెడ్యూల్ ప్రకారం నడిచే ప్రతి రన్‌కూ ఎయిర్‌ఫ్లో ఇచ్చే ‘డేటా ఇంటర్వల్ స్టార్ట్’ విలువను (ఆ రన్‌కు చెందిన కాలం ఎప్పుడు మొదలైందో చెప్పేదాన్ని) వాడితే, టాస్కును వారం తర్వాత నడిపినా అదే రోజు డేటా వస్తుంది.

ఇవి కుదిరాక సెట్టింగుల సంగతి చూడవచ్చు. ఎయిర్‌ఫ్లోలో రిట్రైల సంఖ్య డిఫాల్ట్‌గా సున్నా, విరామం 5 నిమిషాలు. చాలా టాస్కులకు మూడు రిట్రైలు సరిపోతాయి. ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్‌ను ఆన్ చేస్తే విరామం విడతవిడతకూ పెరుగుతూ పోతుంది కనుక, ఇబ్బందిలో ఉన్న సర్వర్‌కు తేరుకునే వ్యవధి దొరుకుతుంది; ఆ విరామం మరీ పెరగకుండా గరిష్ఠ పరిమితి కూడా పెట్టాలి. టాస్కు లోపల స్లీప్ పెట్టి ఎదురుచూడటం కన్నా ఇదే నయం, ఎందుకంటే ‘అప్ ఫర్ రిట్రై’ (రిట్రై కోసం ఎదురుచూసే) స్థితిలో ఉన్న టాస్కు వర్కర్ స్లాట్‌ను (టాస్కులు నడిచే చోటును) పట్టుకుని కూర్చోదు.

అన్ని లోపాలకూ రిట్రై మందు కాదు. సర్వర్ నుంచి 429 (అభ్యర్థనలు మరీ ఎక్కువయ్యాయి), 503 (సేవ ప్రస్తుతం అందుబాటులో లేదు) వంటి సమాధానాలు వస్తే మళ్లీ ప్రయత్నించడం సబబే. 401 (లాగిన్ వివరాలు చెల్లలేదు) వచ్చినా, కాలమ్ లేకపోయినా ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారదు, పైగా అసలు సమస్య బయటపడటం ఆలస్యమవుతుంది. అలాంటి చోట కోడ్‌లో ‘ఎయిర్‌ఫ్లో ఫెయిల్ ఎక్సెప్షన్’ను రైజ్ చేస్తే, మిగిలిన రిట్రైలను వదిలేసి టాస్కు వెంటనే ఫెయిలవుతుంది. ఫైలు ఇంకా రాకపోవడం అసలు లోపమే కాదు. దానికి సెన్సర్ (ఫైలు వచ్చేదాకా ఎదురుచూసే టాస్కు) వాడాలి.

ఫెయిల్ కాకుండా వేలాడే టాస్కుల గురించి కూడా ఆలోచించాలి. జవాబు రాని కనెక్షన్ కోసం టాస్కు గంటల తరబడి ‘రన్నింగ్’లోనే ఉండిపోతే రిట్రైకి అవకాశమే రాదు. అందుకే ప్రతి టాస్కుకూ ఎగ్జిక్యూషన్ టైమౌట్ (నడవగల గరిష్ఠ సమయం) తప్పకుండా పెట్టాలి.

చాలామంది గమనించని చిక్కు మరొకటుంది. తాత్కాలిక ఫైళ్లను తుడిచే టాస్కును చివర పెట్టి, దానికి ‘ఆల్ డన్’ (ముందు టాస్కులు ఎలా ముగిసినా నడువు అనే) ట్రిగ్గర్ రూల్ ఇవ్వడం మామూలే. కానీ డాగ్ రన్ (మొత్తం పైప్‌లైన్ ఒకసారి నడవడం) ఫలితాన్ని ఎయిర్‌ఫ్లో చివరి టాస్కులను బట్టి నిర్ణయిస్తుంది కాబట్టి, మధ్యలో లోడింగ్ విఫలమైనా ఆ తుడిచే పని సవ్యంగా జరిగితే రన్ మొత్తం పచ్చగా కనిపిస్తుంది. ఎయిర్‌ఫ్లో 2.7 వెర్షన్‌తో వచ్చిన టియర్‌డౌన్ (పని ముగిశాక శుభ్రం చేసే) టాస్కుగా దాన్ని గుర్తిస్తే, డిఫాల్ట్‌గా దాని ఫలితాన్ని లెక్కలోకి తీసుకోరు. అసలు వైఫల్యం బయటికి కనిపిస్తుంది.

అలర్టును ‘ఆన్ ఫెయిల్యూర్ కాల్‌బ్యాక్’లో (టాస్కు విఫలమైతే నడిచే ఫంక్షన్‌లో) పెట్టండి. అది రిట్రైలన్నీ అయిపోయాకే మోగుతుంది. ప్రతి రిట్రైకీ సందేశం పంపితే కొన్నాళ్లకు ఎవరూ వాటిని తెరవరు.

రిట్రైలు అయిపోయి టాస్కు ఎర్రబడ్డాక, ముందు లాగ్ చదవాలి. ప్రతి ప్రయత్నానికీ వేరే లాగ్ ఉంటుంది. చివరిదాన్ని ఒక్కటే కాక మొదటిదాన్ని కూడా చూడాలి, ఎందుకంటే అసలు కారణం తరచూ అందులోనే ఉంటుంది. కారణం సరిచేశాక ఆ టాస్కును ‘క్లియర్’ చేయాలి, అంటే పాత స్థితిని చెరిపి మళ్లీ నడిచేలా చేయాలి. క్లియర్ చేసేటప్పుడు డౌన్‌స్ట్రీమ్ (దాని తర్వాతి టాస్కులు) కూడా ఎంచుకుంటే, ‘అప్‌స్ట్రీమ్ ఫెయిల్డ్’ (ముందు టాస్కు విఫలమైంది) అని ఆగిన టాస్కులు వరుసగా నడుస్తాయి. వరుసగా కొన్ని రోజుల రన్‌లు ఆగిపోయి, నిన్నటి నిల్వ మీద ఇవాళ్టి నిల్వ ఆధారపడే లెక్కలైతే, అన్నిటినీ ఒక్కసారిగా క్లియర్ చేయకుండా పాత తేదీ నుంచి ఒక్కొక్కటిగా నడిపించాలి.