కొల్లేరుతో మానవ భూగోళశాస్త్రం: ఉచిత ఆన్‌లైన్ పటాలతో పాఠం చెప్పడం ఎలా?

భూ వినియోగం, వలసలు, ప్రపంచ మార్పులు అని బోర్డు మీద రాసి, పది వెబ్‌సైట్ల పేర్లు పిల్లలకిస్తే పాఠం జరగదు. ఒక చోటు, ఒక ప్రశ్న పట్టుకోవాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు సరస్సు ఇందుకు చాలా బాగా పనికొస్తుంది. నలభై ఏళ్లలో ఇక్కడ వచ్చిన మార్పు ఉపగ్రహ చిత్రాల్లో కంటికి కనిపిస్తుంది, దాని వెనకున్న మనుషుల కథ కలకత్తా చేపల మార్కెట్ దాకా వెళ్తుంది. 8వ తరగతి నుంచి ఇంటర్ దాకా 45 నిమిషాల పీరియడ్లు రెండు చాలు. ఒక ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్, ఇంటర్నెట్ ఉండాలి.

1. ప్రశ్న ముందు, పటం తర్వాత

బోర్డు మీద ఇలా రాయండి: “1984 నుంచి కొల్లేరు చుట్టూ భూమి వాడకం ఎలా మారింది? ఆ మార్పు వల్ల ఎవరు బాగుపడ్డారు, ఎవరు నష్టపోయారు?” మొదటి సగానికి ఉపగ్రహం జవాబిస్తుంది, రెండో సగానికి ఇవ్వదు. ఈ తేడా పిల్లలకు తెలియడమే ఈ పాఠంలో అసలు పని.

2. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో నలభై ఏళ్లు

ఏడాదికో ఉపగ్రహ చిత్రాన్ని వరసగా పేర్చి వీడియోలా చూపే గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ తెరిచి, వెతికే చోట 16.65, 81.2 అని అక్షాంశ రేఖాంశాలు కొట్టండి. పేరుతో వెతికితే ఒక్కోసారి అదే పేరున్న వేరే చోటికి పోతుంది. పైన ఏలూరు, కింద కైకలూరు, కుడివైపు కింద ఆకివీడు తెరమీద పట్టేంత దూరంలో ఆపండి. వీడియోను మొదట ఒకసారి మాటల్లేకుండా మొత్తం నడవనివ్వండి. రెండోసారి 1990, 2005, 2007 దగ్గర, చివరి ఏడాది దగ్గర ఆపి, ఏం కనిపిస్తోందో నోట్‌బుక్‌లో రాయించండి. మొదట్లో ఉన్న కొన్నేళ్ల చిత్రాలు మసకగా, అతుకులేసినట్టు ఉంటాయి. అప్పట్లో దొరికిన మంచి చిత్రాలు తక్కువ కావడమే కారణం. వాటి మీద వాదన కట్టకండి.

గట్లు కట్టిన నలుచదరపు ముదురు ముక్కలు చేపల చెరువులు. సరస్సు మటుకు చాలాచోట్ల ఆకుపచ్చగా ఉంటుంది. పిల్లలు దాన్ని పొలం అనుకుంటారు. నీటి మీద గుర్రపుడెక్క, తుంగ, రెల్లు కమ్మేయడం వల్ల ఆ రంగు వచ్చిందని మీరే చెప్పాలి.

2005, 2007 చిత్రాల మధ్య తేడాకు చరిత్ర ఉంది. 1999లో కొల్లేరును 5వ కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేరింది, 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. తేదీలు ముందే చెప్పేయకండి. “ఈ రెండేళ్లలో ఏదో జరిగింది, ఏమై ఉంటుంది?” అని అడిగి, ఊహలన్నీ బోర్డు మీద రాశాక చెప్పండి.

3. కొలతలు వేయించండి

గూగుల్ ఎర్త్‌లో స్కేలు గుర్తు నొక్కి, ఒక చెరువు మూలలు వరసగా గుర్తించి, మొదటి మూలతో కలిపితే విస్తీర్ణం వస్తుంది. చదరపు మీటర్లలో వస్తే 4,047తో భాగించండి, ఎకరాలు వస్తాయి. పిల్లలకు హెక్టార్ల కన్నా ఎకరాలు, సెంట్లే తెలుసు.

ఇక్కడే చిత్రం ఎంత సన్నగా చూడగలదో కూడా లెక్క వేయించవచ్చు. అమెరికా ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్ పాత చిత్రాల్లో ఒక్కో చుక్క 30 మీటర్లు పొడవు, 30 మీటర్లు వెడల్పు. అంటే 900 చదరపు మీటర్లు, సుమారు 22 సెంట్లు. ఐదెకరాల చెరువుకు దాదాపు 22 చుక్కలే పడతాయి. ఆరు మీటర్ల గట్టు ఆ చుక్కలో కలిసిపోతుంది. 2015 నుంచి అందుతున్న ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాల్లో చుక్క 10 మీటర్లే. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో తేదీ ఎంచుకుని వాటిని ఉచితంగా చూడవచ్చు. జనవరి, మార్చి మధ్య తేదీలు పెట్టి, మేఘాల శాతం బాగా తగ్గించండి. జులై, ఆగస్టు పెడితే తెర నిండా మబ్బులే. ఒక ఏడాది జనవరి చిత్రాన్ని ఇంకో ఏడాది అక్టోబరు చిత్రంతో పోల్చడం అతి మామూలుగా జరిగే పొరపాటు. అలా చేస్తే పిల్లలు రుతువుల తేడాను శాశ్వత మార్పుగా రాసుకుంటారు.

4. పటం తప్పుదారి పట్టించే చోటు

ఐరోపా కమిషన్ వారి గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్ 1984 నుంచి ఎక్కడ నీరు పెరిగిందో, ఎక్కడ తగ్గిందో చూపిస్తుంది. కొల్లేరు దగ్గర దీన్ని తప్పకుండా తెరవండి. ఎందుకంటే చేపల చెరువులో నీళ్లనూ అది నీరుగానే లెక్కేస్తుంది. కలుపు కమ్మిన సరస్సు నీటిని మాత్రం చాలావరకు గుర్తించలేదు. పటం చూసి “నీళ్లు పెరిగాయి కదా, సరస్సు బాగానే ఉంది” అని ఎవరో ఒకరు అంటారు. చెప్పనివ్వండి. వెంటనే టైమ్‌లాప్స్‌లో అదే చోటు చూపించి, బుడమేరు, తమ్మిలేరు వరదను దాచుకుని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే సరస్సు, గట్ల మధ్య నిలవేసిన నీరు ఒకటేనా అని అడగండి. ఈ ఒక్క చర్చకు పది నిమిషాలైనా ఇవ్వాలి. సగటు పాఠ్యపుస్తకంలో దొరకనిది ఇదే.

5. కొల్లేరు నుంచి ప్రపంచానికి

అవర్ వరల్డ్ ఇన్ డేటా సైట్‌లో చేపల ఉత్పత్తి గ్రాఫులు తెరిచి దేశంగా భారత్‌ను ఎంచుకోండి. పట్టిన చేపలు, పెంచిన చేపలు అనే రెండు గీతలు ఏ దశాబ్దంలో దగ్గరయ్యాయో గుర్తించమనండి. పక్కన ఇండోనేషియాను పెడితే పెంపకం గీత ఎక్కడికో లేస్తుంది. ఆ లెక్కలో సముద్రపు నాచు కూడా కలుస్తుంది, ఇండోనేషియా దాన్ని భారీగా పెంచుతుంది. గ్రాఫు కింద సన్నని అక్షరాల్లో ఉన్న వివరణ చదవకుండా ఏ అంకెనూ నోట్‌బుక్‌లోకి ఎక్కించవద్దని అప్పుడే చెప్పండి.

ఐసు పెట్టెల్లో ఇక్కడి బొచ్చె, శీలావతి లారీలెక్కి కలకత్తాకు, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్తాయి. వనామీ రొయ్యకు 2009లో అనుమతి వచ్చాక కోస్తా చెరువులు అమెరికా మార్కెట్‌కు ముడిపడ్డాయి. అక్కడి సుంకం మారితే ఇక్కడి కౌలు ధర కదులుతుంది.

6. జనాభా లెక్కలు: జిల్లా పేరు నమ్మవద్దు

2011 జనగణనలోని పశ్చిమ గోదావరి జిల్లా, ఇప్పటి పశ్చిమ గోదావరి ఒకటి కావు. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, కొల్లేరులో ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలోకి వచ్చింది. తెలంగాణ జిల్లాలకూ ఇదే చిక్కు. కాబట్టి జిల్లా పట్టిక వదిలేసి మండలాల, గ్రామాల పట్టికలు దించుకోండి.

7. మనుషుల గొంతు

లంక గ్రామాల్లో వలలతో బతికిన కుటుంబాలు, చెరువు కౌలుకిచ్చినవారు, కౌలు తీసుకున్నవారు, కాపలా కూలీలు, దిగువన వరి వేసే రైతులు: ఐదు జట్లు చేయండి. గట్లు కొట్టినప్పుడు తమకు ఏం జరిగి ఉంటుందో ప్రతి జట్టూ వార్తలు వెతికి ఐదు వాక్యాలు రాయాలి. ప్రతి వాక్యం పక్కన అది చిత్రంలో చూసిందా, అంకెల్లో దొరికిందా, ఎవరో చెప్పిందా అని గుర్తు పెట్టాలి. మార్కులు ఆ గుర్తులకే వేయండి.

నెట్ పోతే

టైమ్‌లాప్స్‌కు డేటా బాగా ఖర్చవుతుంది, బడి వైఫైలో ముప్పై ఫోన్లు ఒకేసారి తెరిస్తే ఆగిపోతుంది. ముందురోజే 1990, 2005, 2007, చివరి ఏడాది చిత్రాలు స్క్రీన్‌షాట్ తీసి, ఏడాది, మూలం పేరు రాసి, ఒకే దూరంలో ఉన్నాయో లేదో సరిచూసి పెట్టుకోండి. ప్రింటు తీస్తే రంగుల్లోనే తీయాలి. నలుపు తెలుపులో చెరువు నీరు, తడి పొలం ఒకేలా పడతాయి.