ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో (ఏటీసీ) కంప్యూటర్‌ని ఎంతవరకు నమ్మాలి? ట్రైనింగ్‌కి వెళ్లేవాళ్ల కోసం

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఏటీసీకి సెలెక్ట్ అయిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎక్కువగా అడిగేది ఒకటే: రెండు విమానాలు మరీ దగ్గరవుతాయని తెర మీద అలారం వస్తే దాన్ని నమ్మాలా, మన లెక్కని నమ్మాలా? ముందు ఆ అలారం ఏ లెక్కతో మోగుతుందో నేర్చుకోండి, ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది.

నెల్లూరు మీదుగా ఒక విమానం 35,000 అడుగుల్లో పోతోంది అనుకోండి. ఇంకోటి కింది నుంచి ఎక్కుతోంది, దానికి మీరు 34,000 వరకే క్లియరెన్స్ (ఎక్కే అనుమతి) ఇచ్చారు. అది నిమిషానికి 2,000 అడుగుల చొప్పున ఎక్కుతుంటే 33,000 దగ్గరే అలారం రావచ్చు, ఎందుకంటే మీరిచ్చిన క్లియరెన్స్‌ని లెక్కలోకి తీసుకోని సిస్టమ్ ఇదే స్పీడు ఇంకో రెండు నిమిషాలు సాగితే ఏమవుతుందనేదే చూస్తుంది. అలా అని చూడకుండా అలారం నొక్కి ఆపేయకండి. రీడ్‌బ్యాక్‌లో (మీ మాటని తిరిగి చెప్పేటప్పుడు) పైలట్ 34,000 అనే చెప్పాడా, ఎత్తు అంకె నిజంగా అక్కడ ఆగిందా చూసి అప్పుడు వదలండి. రోజూ ఉత్తినే మోగుతుందిలే అనే అలవాటు పడిందంటే చాలా ప్రమాదం.

మోగకపోవడాన్ని నమ్మడం ఇంకా ప్రమాదం. విమానంలో ఉండే ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబు పంపే పరికరం) ఎత్తు పంపకపోతే ఈ అలారం పని చేయదు. 2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఉబర్లింగన్ దగ్గర రెండు విమానాలు ఢీకొని 71 మంది పోయారు. ఆ రాత్రి వాటిని చూస్తున్న జ్యూరిక్ కంట్రోల్ సెంటర్‌లో మెయింటెనెన్స్ వల్ల తెర మీద హెచ్చరిక రాలేదు, రెండు పొజిషన్లూ (కంట్రోలర్ సీట్లు) ఒక్క కంట్రోలరే చూసుకుంటున్నాడు. అందుకే డ్యూటీ తీసుకునేటప్పుడు ట్రాఫిక్‌తో పాటు "ఈరోజు ఏవేవి పని చేయట్లేదు" అని కూడా నోరు తెరిచి అడగండి. మన రొయ్యల చెరువుల దగ్గర ఆటో స్టార్టర్ ఉన్నా, కరెంటు పోయి వచ్చాక టార్చి పట్టుకుని గట్టు మీదికెళ్లి ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయో లేదో చూసుకుంటారు కదా, ఇదీ అంతే.

ఒక్కచోట మాత్రం మిషన్‌కి అడ్డు రాకూడదు. ఉబర్లింగన్‌లో ఒక విమానాన్ని దాని టీకాస్ (ఢీకొనకుండా పైలట్‌కి దారి చెప్పే, విమానంలోనే ఉండే మిషన్) పైకి వెళ్లమంటే కంట్రోలర్ కిందికి దిగమన్నాడు, వాళ్లు కంట్రోలర్ మాటే విన్నారు, రెండో విమానం తన టీకాస్ చెప్పినట్టు దిగింది. కాబట్టి పైలట్ "టీకాస్ ఆర్ఏ" (టీకాస్ ఇచ్చిన ఆదేశం పాటిస్తున్నా) అన్నాడంటే "రోజర్" అనండి, "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" (ప్రమాదం తప్పింది) అని వినేదాకా ఆ విమానం దారి మార్చే మాట ఏదీ చెప్పకండి.

ఇక సిమ్యులేటర్‌లో కూర్చున్నప్పుడు, అలారం రాకముందే ఏ విమానం దేనికి ఎక్కడ ఎదురవుతుందో పైకి చెప్పండి, తర్వాత సిస్టమ్‌తో పోల్చుకోండి. తేడా వచ్చిన ప్రతిసారీ ఇన్‌స్ట్రక్టర్‌ని ఎందుకొచ్చిందని అడగండి, మొహమాటపడొద్దు.