దెబ్బలు తిని పెరిగిన పిల్లలు జైలు దాకా వెళ్లకుండా మనమేం చేయొచ్చు

మీ క్లాసులోనో, హాస్టల్లోనో, చుట్టాల్లోనో ఇంట్లో చావుదెబ్బలు తింటున్న పిల్లలు గానీ, అడిగే దిక్కు లేక పెరుగుతున్న పిల్లలు గానీ ఉంటే ఇది మీకోసమే.

ముందు ఒక లెక్క చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని సగమే వింటారు. అమెరికాలో క్యాథీ విడమ్ అనే పరిశోధకురాలు, చిన్నప్పుడు హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మందిని, అలాంటి రికార్డు లేని 667 మందితో పోల్చి 1989లో ఫలితాలు ప్రచురించారు. మైనర్లుగా ఉన్నప్పుడే అరెస్టయినవాళ్లు మొదటివాళ్లలో 26 శాతం, రెండోవాళ్లలో 17 శాతం. ప్రమాదం పెరిగిన మాట నిజం. కానీ నూటికి 74 మంది ఆ వయసులో అరెస్టు కాలేదు, కాబట్టి "వీడు ఎలాగూ జైలుకే పోతాడు" అనే మాట దయచేసి ఎవరూ అనకండి, ముఖ్యంగా వాడి ముందు. ఇంకో సంగతి, ఒంటి మీద దెబ్బ పడకుండా గాలికొదిలేసిన పిల్లల్లో కూడా హింసాత్మక నేరాల అరెస్టులు ఎక్కువగానే కనిపించాయి.

ఇక చేయాల్సిన మొదటి పని, పిల్లాడి కోపం వెనకున్న భయాన్ని గుర్తుపట్టడం. పదకొండేళ్ల అబ్బాయి ఒకడు, టీచర్ గోడ మీది చార్టు తీయడానికి చెయ్యెత్తగానే రెండు చేతులూ తల మీద పెట్టుకుని కిందికి వంగిపోయాడు, క్లాసంతా నవ్వింది, వాడు లేచి బెంచీని తన్నాడు. తర్వాత అందరికీ గుర్తున్నది బెంచీ ఒక్కటే. దెబ్బలు తిన్న పిల్లలు ఎదుటివాళ్లు మామూలుగా చేసిన పనిలో కూడా శత్రుత్వం చూస్తారని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ డాడ్జ్ బృందం 1990లోనే చూపించింది. ఇంట్లో ఉన్నప్పుడు అలా చూడటం ఆ పిల్లల్ని కాపాడింది, బయట అదే వాళ్ల మీద కేసు పెట్టిస్తుంది.

అందుకే పిల్లాడు రెచ్చిపోయినప్పుడు చెయ్యి పట్టుకోకండి, గుమ్మానికి అడ్డంగా నిలబడకండి, గొంతు తగ్గించి రెండడుగులు వెనక్కి వేయండి. "ఎందుకు చేశావ్" అని అప్పుడే అడిగితే జవాబు రాదు, గంట తర్వాత పక్కన కూర్చుని అడగండి.

ఇంట్లో ఏదో జరుగుతోందని పిల్లాడే చెప్తే పోలీసు విచారణలా గుచ్చి గుచ్చి అడగొద్దు. వాడు చెప్పిన మాటల్ని వాడి మాటల్లోనే, తేదీ వేసి రాసిపెట్టుకోండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి, ఎందుకంటే మీరు చెప్పి తీరాలి, అది కూడా బాలల సంరక్షణ అధికారులకి, అంతేగానీ కొడుతున్న మనిషికి కాదు, ఆయన్ని ముందుగా నిలదీస్తే ఆ రాత్రి దెబ్బలు ఇంకా పెరుగుతాయి.

తప్పు జరిగిన వెంటనే స్కూల్ నుంచి పంపేయడం, చిన్నదానికీ పోలీసుల్ని పిలవడం, ఈ రెండూ నాకు అన్నిటికంటే బాధ కలిగించేవి. సొంతింట్లో కంచం విసిరికొడితే తిట్టి ఊరుకుంటారు, అదే పిల్లల సంరక్షణ గృహంలో అయితే కేసు అవుతుంది. ఇలా జరగకుండా చూడాలని ఇంగ్లండ్‌లో ప్రభుత్వమే 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫోన్ తీసే ముందు ఒక్కటి ఆలోచించండి, ఇదే పని మీ కొడుకు చేస్తే పోలీసుల్ని పిలుస్తారా?

అయినా అరెస్టయితే, లాయర్ వచ్చేదాకా పిల్లాణ్ని ఒంటరిగా ప్రశ్నించనివ్వకండి. భయంలో పెరిగినవాళ్లు గట్టిగా అరిస్తే చేయని పనికీ తలూపేస్తారు. చిన్నప్పటి సంగతులు, మీరు రాసిపెట్టుకున్న కాగితాలు లాయర్‌కి ఇవ్వండి. పిల్లల్ని నిర్బంధించడం చివరి మార్గంగానే, వీలైనంత తక్కువ కాలమే ఉండాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 37వ అధికరణం చెప్తోంది, లాయర్ చేత ఆ మాట కోర్టులో అనిపించండి.

లోపలికి వెళ్లాక చూడటానికి వెళ్లడం మానకండి. ఒంటరి గదిలో పెట్టడం, బట్టలు విప్పించి సోదా చేయడం పాత గాయాన్నే మళ్లీ రేపుతాయి, అలాంటివి జరిగితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. విడుదల తేదీ తెలిసిన రోజే, ఆ రాత్రి పిల్లాడు ఎక్కడ పడుకుంటాడో అడిగి తెలుసుకోండి, కొట్టిన ఇంటికే పంపే ఏర్పాటైతే వేరే చోటు కోసం అధికారుల వెంట అప్పటినుంచే పడండి.