పాత మిలిటరీ క్వార్టర్స్ స్లాబ్ ఎంత దెబ్బతినిందో చూసుకోవడం ఎలా

ఆర్మీలో ఉన్నన్నాళ్లూ మేం ఉండిందంతా పాత ఫ్యామిలీ క్వార్టర్సే, రిటైరయ్యాక నెల్లూరొచ్చి సముద్రం ఒడ్డున మైపాడు వైపు పాత స్లాబులు చూస్తుంటే అవే జబ్బులు కనపడుతున్నాయి. పెచ్చులు ఊడగానే సిమెంట్ పూసి సున్నం కొట్టేస్తారు చూడండి, దయచేసి ఆ పని చెయ్యొద్దు, లోపల కమ్మీ తుప్పు పడతానే ఉంటుంది, తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుద్ది కాబట్టి ఆ పూత కూడా మళ్లీ ఊడొస్తది.

ముందు వానలు తగ్గాక, జనవరిలో అయితే మంచిది, తడి మరకలు చూడండి. బాత్రూం కింద స్లాబు, సన్‌షేడ్లు, ట్యాంకు కింద, బాల్కనీ అంచు, ముందు పోయేవి ఇవే. కమ్మీ వెంబడే తిన్నగా పోయిన పగులు, గోధుమరంగు మరక ఉంటే లోపల తుప్పు మొదలైనట్టే లెక్క. స్లాబు కిందికి వంగినట్టు కనపడితే ఇంకేం చూడొద్దు, పిల్లల్ని ఆ గదిలోంచి తీసేసి కింద సపోర్టు పెట్టించి ఇంజనీర్ని పిలవండి.

తర్వాత చిన్న సుత్తితో అడుగడుక్కీ తట్టండి, గట్టిగా ఖంగుమంటే పర్లేదు, గుల్లగా డొల్లగా పలికితే సుద్దముక్కతో గీత గీయండి, గది మొత్తం అయ్యాక ఫోటో తీసి పెట్టుకోండి, ఆర్నెల్లకి మళ్లీ తట్టి చూస్తే పెరిగిందో లేదో తెలిసిపోద్ది. తట్టేటప్పుడు హెల్మెట్, కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి.

ఇప్పుడు అసలు టెస్టు. గుల్ల పలికిన చోట అప్పుడే పగలగొట్టిన ముఖం మీద దుమ్ము దులిపి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి, గులాబీ రంగు వస్తే అక్కడ కాంక్రీట్‌లో క్షారం ఇంకా ఉన్నట్టు (కమ్మీని తుప్పు పట్టకుండా కాపాడేది అదే), రంగు రాకపోతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ తినేసినట్టు. బయటి అంచు నుంచి గులాబీ గీత దాకా స్కేలు పెట్టి కొలవండి. 40 ఏళ్ల క్వార్టర్‌లో 20 మిల్లీమీటర్లు వచ్చి, కమ్మీ 25 మిల్లీమీటర్ల లోతులో ఉంటే, ఈ లోతు కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుద్ది కాబట్టి అది కమ్మీని చేరడానికి ఇంకో 22 ఏళ్లు దాకా పట్టొచ్చు, అంతా పొడి వాతావరణం అయితే.

మనకి అట్లా కుదరదు. సముద్రపు గాలిలో ఉప్పుంది, గులాబీ రంగు బ్రహ్మాండంగా వచ్చినా క్లోరైడు వల్ల కమ్మీ తుప్పు పట్టొచ్చు, ఫినాఫ్తలీన్‌కి ఉప్పు కనపడదు. అందుకే డ్రిల్లుతో లోతు లోతుగా వేరు వేరు పొడి తీయించి, ఉప్పు ఎంతుందో చూడమని ల్యాబ్‌కి ఇవ్వండి.

రీబౌండ్ హ్యామర్ (కాంక్రీట్ మీద కొట్టి ఎంత గట్టిగా ఉందో చూసే పరికరం) రీడింగు ఒక్కటే చూసి గట్టిగా ఉందని నమ్మొద్దు, కార్బన్ డయాక్సైడ్ తినేసిన పైపొర గట్టిపడి రీడింగు ఎక్కువ చూపిస్తది. అనుమానముంటే కనీసం 3 కోర్లు (బలం చూడ్డానికి స్లాబు నుంచి గుండ్రంగా కోసి తీసే ముక్కలు) తీయించండి, కాంక్రీట్ పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం వాటి సగటు డిజైన్‌లో అనుకున్న బలంలో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. రిపేర్ చేయిస్తే మేస్త్రికి గట్టిగా చెప్పండి, తుప్పు పట్టిన కమ్మీ వెనక వేలు దూరేంత దాకా కాంక్రీట్ తీసి, బ్రష్‌తో తుప్పంతా రుద్దేశాకే కొత్త మాలు పెట్టమనండి.